పసిగుండెలో బూజు

2021 మే నెలలో బ్లాక్ ఫంగస్‌కు వాడే ఆంఫోటెరిసిన్ అన్న మందు పేరు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటింటా వినిపించింది. కోవిడ్ తగ్గి ఇంటికొచ్చిన మనిషికి కన్ను వాచినా, ముక్కులో నల్లగా కనిపించినా హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పరుగు తీశారు. ఆంధ్రప్రదేశ్‌లో బ్లాక్ ఫంగస్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చారు. పెద్దమనిషికి రోజుకు ఐదారు సీసాల మందు పడుతుంది. ఆ సీసాల కోసం జనం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన మెసేజీలు చాలామందికి ఇంకా గుర్తే.

అదే మందును అంతకుముందూ, ఆ తర్వాతా మరోచోట వాడుతూనే ఉన్నారు. అది పిల్లల గుండె ఆపరేషన్ల ఐసీయూ. అక్కడి రోగి బరువు ఐదు కిలోలు. కిలోకు ఐదు మిల్లీగ్రాముల లెక్కన రోజుకు పాతిక మిల్లీగ్రాములు, అంటే సరిగ్గా సగం సీసా. ఆ సగం సీసా అవసరం ఎందుకు వస్తుంది, రాకుండా ఏం చేయొచ్చు, వస్తే ఎలా పసిగట్టాలి అన్నదే ఈ వ్యాసం. బిడ్డకు గుండె ఆపరేషన్ చేయించిన తల్లిదండ్రుల కోసం, చేయించబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇది చదివి భయపడి ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. వందమంది పిల్లల్లో దాదాపు ఒకరు గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు. మన దేశంలో ఏటా అలాంటివాళ్ళు రెండు లక్షలకు పైనే ఉంటారని అంచనా. వాళ్ళలో ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స అందాలి, లేకపోతే దక్కరు. గుండె గదుల మధ్య రంధ్రం మూయించుకుని, నీలం పెదవులు ఎర్రబడి బడికి వెళ్తున్న పిల్లలు ఇవాళ మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. 1991 నుంచి పుట్టపర్తిలో, 2007 నుంచి ఆరోగ్యశ్రీ కింద ఎన్నో ఆసుపత్రుల్లో, 2021 నుంచి తిరుపతి పద్మావతి పిల్లల హృదయాలయంలో ఇలాంటి ఆపరేషన్లు జరుగుతున్నాయి. వాళ్ళలో గుండెకు ఫంగస్ పట్టేది ఏ కొద్దిమందికో. కానీ పట్టిన వాళ్ళలో సుమారు సగం మంది బతకరు. అంత అరుదైనదాని గురించి ఇంత చెప్పడానికి కారణం అదే.

గుండె లోపల గోడలకూ వాల్వులకూ నున్నటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరకు సూక్ష్మజీవులు పట్టి పుండులా తయారైతే ఎండోకార్డైటిస్ అంటారు. నూటికి తొంభై ఏడు మందికి పైగా దానికి కారణం బ్యాక్టీరియా. మిగిలిన ఒకటి రెండు, మహా అయితే మూడు కేసులు ఫంగస్‌వి.

ఆపరేషన్ అయిన గుండెనే ఎందుకు పట్టుకుంటుంది? పంటకాలువలో తూము దగ్గర చూడండి. నీళ్ళు సాఫీగా పారేచోట గట్టు నున్నగా ఉంటుంది. తూములోంచి నీళ్ళు చిమ్మినట్టు వచ్చి తగిలేచోట గట్టు కోసుకుపోతుంది, ఆ గరుకులో చెత్తాచెదారం చిక్కుకుంటుంది. రంధ్రంలోంచో, ఇరుకు వాల్వులోంచో రక్తం జోరుగా చిమ్మి ఎదుటి గోడకు తగిలితే అక్కడి పొర కూడా ఇలాగే దెబ్బతింటుంది. ఒళ్ళు ఆ గాయాన్ని మాన్పుకోవడానికి సన్నటి వల అల్లుతుంది. రక్తంలో ఫంగస్ కణం ఒక్కటి తిరుగుతున్నా ఆ వలలో కూర్చోవడానికి చోటు దొరికినట్టే. దానికితోడు ఆపరేషన్‌లో వేసే ప్యాచ్ ఉంటుంది. గోర్‌టెక్స్ గుడ్డో, డాక్రాన్ గుడ్డో, శుద్ధిచేసిన పశువు గుండెపొరో వాడతారు. గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య కొత్త దారి వేయాలంటే గొట్టం పెడతారు. వీటిమీదికి మన సొంత పొర పాకి కప్పడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. అందాకా అవి ఫంగస్‌కు బోడిగోడలే.

ఇక ఆ కణం రక్తంలోకి ఎలా వస్తుంది? పిల్లల విషయంలో ఎక్కువగా కనిపించేది క్యాండిడా అనే ఈస్ట్. ఇది బయటినుంచి వచ్చిన శత్రువేం కాదు. మన నోట్లో, పేగుల్లో, పసివాళ్ళ లంగోటీ కింద చర్మంమీద ఎప్పుడూ ఉంటుంది. చంటిబిడ్డ నాలుకమీద పెరుగుముక్కల్లా తెల్లపూత కనిపిస్తుందే, అది ఇదే. పక్కన లక్షల బ్యాక్టీరియా ఉన్నంతకాలం దాని హద్దులో అది ఉంటుంది. ఐసీయూలో బిడ్డకు రెండు మూడు రకాల యాంటీబయోటిక్‌లు వారాల తరబడి పడితే పక్కవాళ్ళందరూ చచ్చిపోతారు. అప్పుడు ఆ చోటంతా క్యాండిడాదే.

అంతే కాదు. పసిబిడ్డ గుండెముందు థైమస్ అనే గ్రంథి తెరలా అడ్డంగా ఉంటుంది. రోగాలతో పోరాడే కణాలు తర్ఫీదయ్యేది అందులోనే. సర్జన్‌కు గుండె కనబడాలంటే చాలాసార్లు దాన్ని కొంతైనా తీయక తప్పదు. చాలామంది పిల్లలు ఆ లోటును తట్టుకుంటారు. డైజార్జ్ సిండ్రోమ్ అని పుట్టుకతో వచ్చే సమస్య ఒకటుంది. అందులో గుండె లోపంతోపాటు థైమస్ కూడా సరిగా ఎదగదు. అలాంటి బిడ్డల్ని రెండింతలు జాగ్రత్తగా చూసుకోవాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, రెండు కిలోలలోపు వాళ్ళు, నోటితో పాలు పట్టలేక నరం ద్వారా ఆహారం ఎక్కించుకుంటున్నవాళ్ళు, ఆపరేషన్ తర్వాత ఛాతీ వెంటనే మూయకుండా కొన్నాళ్ళు తెరిచి ఉంచినవాళ్ళు కూడా ఈ కోవలోకే వస్తారు.

అన్నిటికన్నా పెద్ద దారి మాత్రం ఒక సన్నటి ప్లాస్టిక్ గొట్టం. ఐసీయూ అద్దంలోంచి చూస్తే బిడ్డ మెడ దగ్గర కుట్టేసిన గొట్టం కనబడుతుంది. బయటికి అది రెండు మూడు కొమ్మలుగా చీలి ఉంటుంది, ఒక్కో కొమ్మ చివరా ఒక మూత. దాన్నే సెంట్రల్ లైన్ అంటారు. లోపలి కొన గుండె గుమ్మం దాకా వెళ్తుంది. గుండె కొట్టుకునేలా చేసే మందులు, ఆహారం, రక్తం అన్నీ అందులోంచే పోతాయి. నర్సు ఒక మందు ఇవ్వాలంటే చేతులు శుభ్రం చేసుకుని, గ్లవ్స్ వేసుకుని, ఆల్కహాల్ దూదితో ఆ మూతను తిప్పి తిప్పి పదిహేను సెకన్లు రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజి పెట్టాలి. ఒక్కసారికి ఇది చిన్న పనే. రోజుకు ముప్ఫై నలభైసార్లు, అదీ పక్క మంచం అలారం మోగుతుండగా చేయాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. చెయ్యి జారేది అక్కడే. చేతులమీదినుంచి లైన్‌లోకి చేరడంలో క్యాండిడా పారాప్సిలోసిస్ అనే రకం ఆరితేరినది.

లైన్‌లోకి చేరాక అది ఊరికే ఉండదు. నీళ్ళకుండను కడగకుండా వదిలేస్తే లోపల పట్టే జిగట పాచి లాంటిదాన్ని గొట్టం లోపలివైపు పేరుస్తుంది. డాక్టర్లు బయోఫిల్మ్ అంటారు. ఆ పాచి అడుగున ఉన్న ఫంగస్ దగ్గరికి మందు వెళ్ళలేదు. పాచి పట్టిన లైన్‌ను తీసేయాల్సిందే, మందులతో కడిగితే పోదు. రోజూ రౌండ్స్‌లో డాక్టర్లు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ లైన్ ఇవాళ ఇంకా అవసరమా? తల్లిదండ్రులూ ఆ మాట అడగొచ్చు. అది మర్యాద తప్పడం కాదు. మంచి ఐసీయూలో ఆ ప్రశ్నను సంతోషంగా తీసుకుంటారు.

క్యాండిడాలో కొత్త రకం ఒకటుంది, ఆరిస్. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో దొరికింది కాబట్టి ఆ పేరు. కొద్ది ఏళ్ళలోనే మన దేశంలోని ఐసీయూల్లో కూడా కనబడింది. మంచం పట్టీలమీద, మానిటర్ బటన్లమీద వారాల తరబడి బతుకుతుంది. ఫంగస్‌కు మామూలుగా వాడే ఫ్లూకోనజోల్ మందుకు లొంగేది తక్కువ.

గాలిలోంచి వచ్చే ఫంగస్ సంగతి వేరు. దానిపేరు ఆస్పర్‌జిల్లస్. గోడకు పట్టే బూజు, పాత గోనెసంచి దులిపితే లేచే ధూళి, ఇవన్నీ దాని నెలవులే. దాని బీజాల వెడల్పు రెండు మూడు మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకన్నా సన్నం. మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఏం కాదు. కానీ తెరిచిన గుండెమీద వాలితే కథ వేరు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో పేరున్న పిల్లల ఆసుపత్రి ఉంది. 2019 మేలో అక్కడి ఆపరేషన్ థియేటర్ల గాలిలో ఆస్పర్‌జిల్లస్ కనిపించింది. థియేటర్లు మూసి, శుభ్రం చేసి మళ్ళీ తెరిచారు. నవంబరులో మళ్ళీ కనిపించింది. అప్పుడు పాత రికార్డులు తిరగేస్తే, 2001 నుంచి 14 మంది పిల్లలకు ఆపరేషన్ తర్వాత ఈ ఇన్ఫెక్షన్ సోకిందని, ఆరుగురు చనిపోయారని తేలింది. ఆసుపత్రి అధిపతే ఆ సంగతి బయటపెట్టి క్షమాపణ చెప్పారు. 2020 ఫిబ్రవరిలో మరో పాప చనిపోయింది. ఆరు నెలల పాప, గుండె ఆపరేషన్ కోసం వచ్చింది. లోపం గాలిని శుద్ధిచేసి పంపే యంత్రాల్లో ఉంది. తర్వాత థియేటర్లకు హెపా ఫిల్టర్లు బిగించారు. 0.3 మైక్రాన్ల రేణువులను కూడా పదివేలకు మూడు తప్ప అన్నిటినీ పట్టేసే జల్లెడలు అవి. నన్ను ఎక్కువగా కలచివేసేది యంత్రం సంగతి కాదు. తొలి పదమూడేళ్ళలో ఏడుగురు పిల్లలకు వచ్చినా, దేనికదే విడి కేసు అనుకున్నారు. ఏళ్ళ ఎడంతో వచ్చేసరికి ఒకదానితో ఒకటి కలిపి చూడలేదు. మన దగ్గర ఆసుపత్రులకు కొత్త బ్లాకులు లేస్తూనే ఉంటాయి. థియేటర్ పక్కన గోడ పగలగొడుతుంటే ఆ దుమ్ము ఎటు పోతోందో చూసే మనిషి ఒకరు ఉండితీరాలి.

గుండెకు పట్టే ఫంగస్‌తో వచ్చే చిక్కేమిటంటే, అది తొందరపడదు. బ్యాక్టీరియాలో కొన్ని రకాలైతే రెండు రోజుల్లో బిడ్డను మంచాన పడేస్తాయి. ఫంగస్ వారాలు, ఒక్కోసారి నెలలు తీసుకుంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. బిడ్డ పాలు సగంలో వదిలేస్తుంది. పెరగాల్సిన బరువు పెరగదు. పళ్ళు వస్తున్నాయేమో అంటుంది అమ్మమ్మ. దిష్టి తగిలిందేమో అంటుంది పక్కింటామె. వాళ్ళ ప్రేమను తప్పుపట్టలేం. కానీ గుండెలో ప్యాచ్ ఉన్న బిడ్డకు వచ్చిన జ్వరం మామూలు జ్వరమని తేలేదాకా మామూలు జ్వరం కాదు.

ఐసీయూలోనే ఉన్న బిడ్డ అయితే కారణం లేకుండా ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి, యాంటీబయోటిక్‌లు మార్చినా జ్వరం దిగదు. గుండెకు ఎకో స్కాన్ తీస్తే కొన్నిసార్లు దొంగ దొరుకుతాడు. తెరమీద వాల్వు రెక్క తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ దాని అంచున వేలాడే చిన్న ముద్ద దాంతోపాటు అటూ ఇటూ ఊగుతుంటుంది. డాక్టర్ ప్రోబ్‌ను అక్కడే ఆపి, కొలత తీసి, ఇంకో కోణంలో మళ్ళీ చూస్తారు. పిల్లల ఛాతీ పలుచన కాబట్టి పైనుంచి తీసే ఎకోలోనే చాలావరకు కనబడుతుంది. మొదటిసారి కనబడకపోతే లేదని కాదు. అనుమానం ఉంటే వారంలోపు మళ్ళీ తీయాలి.

ఫంగస్ ముద్దలు పెద్దవి, పెళుసువి. తునిగి రక్తంతోపాటు కొట్టుకుపోతాయి. పెద్ద రక్తనాళాలకే అడ్డం పడతాయి. నిన్నటిదాకా తన్నుకుంటున్న కాలు ఇవాళ చల్లబడి పాలిపోయిందంటే, ఒకవైపు చెయ్యి ఉన్నట్టుండి వాలిపోయిందంటే ఒక్క గంట కూడా ఆగకూడదు. కాలి నాళంలోంచి అలాంటి గడ్డను తీసిన సర్జన్ దాన్ని ఉత్త రక్తపుగడ్డ అనుకుని పారేయకుండా ల్యాబ్‌కు పంపితే, కొందరు పిల్లల్లో అసలు జబ్బు బయటపడేది అక్కడే. కంటిపాపను మందుతో పెద్దదిచేసి కంటి డాక్టర్ కూడా చూడాలి. రెటీనామీద దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు ఉండొచ్చు. కిడ్నీలకు స్కానింగ్ కూడా అందుకే.

రక్తపరీక్షల్లో అసలైనది కల్చర్. సీసాలో పట్టిన రక్తాన్ని ఒంటి వేడిలో ఉంచి ఐదు రోజులు చూస్తారు. క్యాండిడా సాధారణంగా రెండు మూడు రోజుల్లో పెరుగుతుంది, అయినా దొరక్కుండా పోయే సందర్భాలు తక్కువేం కాదు. ఆస్పర్‌జిల్లస్ రక్తంలో దాదాపు పెరగనే పెరగదు. అప్పుడు ఫంగస్ గోడలోని చక్కెర పదార్థాలను వెదికే పరీక్షలు, బీటా గ్లూకాన్, గెలాక్టోమానన్, చేస్తారు. అవి ఆనవాళ్ళు మాత్రమే చెబుతాయి. మిగతావన్నీ కలిపి చూడాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ సగం సీసా దగ్గరికి వద్దాం. బ్యాక్టీరియాను చంపే మందులు ఎన్నో ఉన్నాయి, ఫంగస్‌ను చంపేవి కొన్నే. కారణం, ఫంగస్ కణం మన కణానికి దూరపు చుట్టం. దాన్ని కొట్టే దెబ్బ మనకూ తగులుతుంది. ఆంఫోటెరిసిన్‌ను 1950లలో వెనిజులాలోని ఒరినోకో నదీతీరపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుంచి తీశారు. అది ఫంగస్ పొరకు చిల్లులు పొడుస్తుంది, కాస్త మన కిడ్నీలనూ పొడుస్తుంది. పొటాషియం పడిపోతుంది, అది పడితే గుండె లయ తప్పుతుంది. అసలే గుండె ఆపరేషన్ అయిన బిడ్డ! అందుకే ఇప్పుడు మందును కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తున్నారు, దాన్నే లైపోసోమల్ అంటారు. కిడ్నీలకు దెబ్బ తగ్గుతుంది, ఖరీదు పెరుగుతుంది. కలిపేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. సెలైన్‌లో కలిపితే మందు విరిగిపోతుంది, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. ముందూ వెనకా లైన్‌ను కడిగేది కూడా డెక్స్‌ట్రోజ్‌తోనే. నెమ్మదిగా, సుమారు రెండు గంటలపాటు ఎక్కిస్తారు. ఫంగస్ గోడను కూల్చే క్యాస్పోఫంజిన్, మైకాఫంజిన్ లాంటి మందులూ వచ్చాయి. ఆస్పర్‌జిల్లస్‌కు వోరికోనజోల్ వాడతారు. పిల్లల ఒంట్లో అది త్వరగా ఖర్చైపోతుంది కాబట్టి రక్తంలో ఎంత ఉందో కొలుచుకుంటూ మోతాదు మార్చాలి.

మందు ఒక్కటే చాలేది కొద్దిమందికే. నెలలు నిండని కొందరు పసికందుల్లో గుండె కుడివైపు పట్టిన ముద్దలు మందుతోనే కరిగిన దాఖలాలు ఉన్నాయి. ఎక్కువమందికి మాత్రం మళ్ళీ గుండె తెరవాలి. పాచి పట్టిన ప్యాచ్‌నూ, గొట్టాన్నీ, ముద్దనూ తీసేయాలి. మొదటి ఆపరేషన్ కన్నా ఇది కష్టం, ఎందుకంటే గుండె ఎముకకు అతుక్కుని ఉంటుంది. తీసిన తర్వాత కనీసం ఆరు వారాలు నరం ద్వారా మందు. ఆ తర్వాత కూడా చాలామందికి ఫ్లూకోనజోల్ బిళ్ళ నెలలు, ఏళ్ళు, కృత్రిమ వాల్వు ఉంటే ఒక్కోసారి జీవితాంతం వేసుకోవాలి. జబ్బు తిరగబెట్టే గుణం అలాంటిది. బిడ్డ బాగానే ఉందిగా అని బిళ్ళ ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదం. లివర్ పరీక్ష, ఎకో తప్పకుండా చేయిస్తూ ఉండాలి.

ఇంటికొచ్చిన తర్వాతి మాట. ఊళ్ళో బిడ్డకు జ్వరమంటే ముందు వెళ్ళేది ఆర్ఎంపీ దగ్గరికే. అర్ధరాత్రి తలుపు తీసే మనిషి ఆయనే, ఆయన మీద నాకు గౌరవముంది. కానీ గుండె ఆపరేషన్ అయిన బిడ్డకు ఆయన యాంటీబయోటిక్ ఇంజెక్షన్ చేసినా, ఫ్రిజ్‌లో మిగిలిన సిరప్ మనమే పట్టినా రెండు నష్టాలు. బ్యాక్టీరియా జబ్బైతే అది కల్చర్‌లో దొరక్కుండా పోతుంది, జ్వరం నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఫంగస్ అయితే దానికి పోటీగా ఉన్న బ్యాక్టీరియా చచ్చి, అది ఇంకా బలపడుతుంది. 100.4 డిగ్రీలు దాటితే, లేదా కొద్దిపాటి జ్వరమే రోజుల తరబడి వస్తూపోతూ ఉంటే పారాసిటమాల్ వేయండి, వేడి ఎంతుందో టైముతో సహా కాగితంమీద రాయండి, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ముందు కల్చర్‌కు రక్తం, తర్వాతే యాంటీబయోటిక్. బిడ్డ సోలిపోతున్నా, ఎగశ్వాస తీస్తున్నా మాత్రం ఈ వరస చూసుకోకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి. రక్తం, మందు ఏది ముందో అక్కడివాళ్ళు చూసుకుంటారు.

పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు అమాక్సిసిలిన్ ఇవ్వమని డిశ్చార్జి కాగితంలో ఉంటే అది తప్పక ఇవ్వండి. ఆ జాగ్రత్త బ్యాక్టీరియాకు సంబంధించినది, ఫంగస్‌ను ఆపేది కాదు. అది వేశాం కదా అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కల్చర్‌కు పసిబిడ్డనుంచి తీసే రక్తం ఒక్కోసారికి ఒకటినుంచి మూడు మిల్లీలీటర్లు. వేర్వేరు చోట్లనుంచి రెండు మూడుసార్లు తీస్తారు, చిన్న చెయ్యి కాబట్టి నరం దొరకదు, బిడ్డ ఏడుస్తుంది, తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఒక్కసారి చాలదా అని అడగాలనిపిస్తుంది. చాలదు. ఒక సీసాలో దొరకనిది ఇంకోదాంట్లో దొరుకుతుంది. సీసాతో వెళ్ళే చీటీమీద మూడు ముక్కలు రాయమని అడగండి: గుండె ఆపరేషన్ అయింది, ప్యాచ్ ఉంది, ఫంగస్ కూడా చూడాలి. అది చదివితే ల్యాబ్‌వాళ్ళు ఐదో రోజున సీసాను పక్కన పడేయకుండా, ఇంకొన్నాళ్ళు ఉంచి చూస్తారు.